ఎల్లమ్మ పాళీ

ధనుంజయరావు మీద కుసుమకున్న ఫిర్యాదు ఏ పంచాయితీలోనూ చెల్లదు. అతను కొట్టడు, తాగడు, పేకాట జోలికి పోడు. గురజాలలో ఎవర్ని అడిగినా మెత్తటి మనిషంటారు. అలాంటివాడి మీద ఏమని చెప్పుకోవాలి? చొక్కా ఉతుకులో పడేసేటప్పుడు జేబులు చూసుకోడని చెప్పుకోవాలా? పన్నెండేళ్లుగా నాపరాయి బండ ముందు కూర్చుని ఆ జేబుల్లో చెయ్యి పెట్టేది ఆమే. వక్కపొడి పొట్లాలు, బస్సు టికెట్లు, ఎవరి పొలానివో సర్వే నంబర్లు గిలికిన అట్టముక్కలు. ఒక్క ముక్క తడిసిందా, "కళ్లు ఏడ బెట్టుకోని ఉతుకుతున్నావే?" అంటాడు. తడవకుండా తీసి గూట్లో పెడితే మాత్రం మాట లేదు. తడవని కాగితం గురించి ఏ మొగుడు మాట్లాడతాడు?

ఆ రోజు జేబులో బరువైనదేదో తగిలింది. తీసి చూస్తే పెన్ను. నేరేడు పండు నలుపు, ముంజేతి గాజంత నునుపు. నడుముకు బంగారు పట్టీ. మూత లాగితే రాలేదు. తిప్పితే మూడు చుట్లకు మెత్తగా ఊడివచ్చింది. లోపల బంగారు పాళీ, దాని మీద గోటితో గీసినంత సన్నగా తీగలూ ఆకులూ చెక్కి ఉన్నాయి. పెన్నును పెన్నుగా చూడటమే తెలుసు కుసుమకు. ఇంత చిన్న ముక్కకు ఇంత శ్రద్ధ పెట్టినవాళ్లు ఎక్కడో ఉన్నారన్న సంగతి ఆమెను నీళ్ల బకెట్ పక్కన అలాగే కూర్చోబెట్టేసింది.

సంగతి ముందు రోజు సాయంత్రమే ధనుంజయరావు చెప్పాడు, అన్నం కలుపుకుంటూ. "బ్రహ్మానందం లేడూ, మాచర్ల రాతి వ్యాపారి, ఆయనిచ్చాడే. రాయి కొనడానికొచ్చిన జర్మనీ దొర ఆయనకు బహుమానంగా ఇచ్చాడంట. పాడిగేదె వస్తదంట ఆ డబ్బుతో. 'నీ దస్తూరికి తగ్గ పెన్ను ఇదేనయ్యా' అని అందరి ముందూ నా జేబులో పెట్టాడు."

నీ దస్తూరికి. ఆ మాట అతని నోట్లోంచి కూడూ కూరా లాగా సులువుగా వచ్చింది.

ధనుంజయరావు దస్తావేజు లేఖరి. రిజిస్ట్రారాఫీసు ఎదుట రేకుల చావిట్లో బల్ల వేసుకుంటాడు. కరణాలను తీసేశాక రైతులు కాగితాల కోసం ఆ రేకుల కిందకే చేరుతున్నారు. తండ్రి పోతూ అప్పగించిన లైసెన్సు ఉంది, మాట నేర్పు ఉంది, దస్తూరి మాత్రం లేదు. అతను రాస్తే కోడి గెలికినట్టుంటుంది. కుసుమ కారంపూడి పిల్ల. తండ్రి గోపాలకృష్ణయ్య నాగలి పట్టే చేత్తోనే కూతురికి ఇసుకలో అక్షరాలు దిద్దించాడు. పదో తరగతి దాకా బళ్లో ఏ పద్యం రాయాలన్నా బోర్డు దగ్గరికి ఆమెనే పిలిచేవాళ్లు. పెళ్లైన నెలకు జ్వరంగా ఉందని మొగుడు ఒక్క దస్తావేజు రాసిపెట్టమన్నాడు. ఆ జ్వరం పన్నెండేళ్లయినా తగ్గలేదు. దస్తావేజులు రాయించుకునే పార్టీలతో బేరాలు అతనివి, రాత ఆమెది. అట్టముక్క మీద వివరాలు తెచ్చి పడేస్తాడు, ఆమె పొద్దున్నే పొయ్యి మీద అన్నం ఉడికే లోపు ఒక పేజీ, పిల్లకు జడ వేశాక ఇంకో పేజీ రాస్తుంది. చివర "దస్తూరి: ధనుంజయరావు" అని కూడా ఆమే రాస్తుంది. అతను కింద సంతకం గిలికి పట్టుకుపోతాడు. "మనసు పెట్టాలంటే ఇంటికాడే రాస్తానయ్యా, ఈడ గోల" అని పార్టీలకు చెబుతాడు. అందరూ నమ్మారు. ఆడమనిషి రాసిందంటే నమ్మరు కాబట్టి, ఇది నమ్మడం తేలిక.

చెయ్యి తుడుచుకుని, గోడకున్న క్యాలెండర్‌లో అయిపోయిన నెల చించి, వెనకవైపు తన పేరు రాసుకుంది. "కుసుమ." పాళీ కాగితం మీద ఆనీ ఆనకముందే సిరా దిగింది. తలకట్టు దగ్గర గీత తనంతట తాను పలచబడి, కొమ్ము తిరిగే చోట లావెక్కింది. బాల్‌పెన్ను ఎక్కడైనా ఒకటే లావు, పిండి వడియంలాగా. దానితో నొక్కీ నొక్కీ వేలి మీద కాయ కాసింది ఆమెకు. దీనికి నొక్కడమే అక్కర్లేదు. పన్నెండేళ్లలో తన పేరు తాను ఎన్నిసార్లు రాసుకుందో లెక్కేసుకుంటే ఒక్కసారే తేలింది. అది గుర్తుకొచ్చి గబుక్కున మూత బిగించింది.

మూత బిగించే ముందు పాళీ మీద ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి. ఈ, ఎల్లు, ఎల్లు, ఎమ్ము, ఏ. అక్కడితో పాళీ నల్ల గొట్టం లోపలికి వెళ్లిపోయింది. కూడబలుక్కుని, "అత్తయ్యా, పెన్ను మీద ఎల్లమ్మ అని ఉంది" అంది.

అత్త నాంచారమ్మ చింతపండు పిక్క తీస్తోంది. ఆమె నోట మంచి మాట విని కుసుమకు ఏళ్లు దాటాయి. "ఇంట్లో కూసోని గీతలు గీసేదానికి కూడా చెయ్యి నొప్పంట, మేము కలుపులు తీసి కాపరాలు చెయ్యలా?" అనే మనిషి. అలాంటిది చింతపండు పక్కన పెట్టి లేచి వచ్చింది. "దొరలు గూడా ఎల్లమ్మ తల్లికి మొక్కుతారంటే!" అని పెన్నును రెండు కళ్లకూ అద్దుకుంది. సాయంత్రానికి వీధంతా తెలిసింది.

ఒక ఊరు ఒక వస్తువు మీద మనసు పడటమంటే ఇదే. ఎక్కడో దేశం కాని దేశంలో తయారైన పెన్ను, దాని ధర చెబితే దిమ్మ తిరిగే జనం, కానీ పేరు మాత్రం ఇంటి ఆడపడుచు పేరు. దాచేపల్లి నుంచి వచ్చాడు లింగయ్య అనే రైతు, ఎకరం నేల కొనుక్కున్నవాడు. రేకుల చావిట్లో చెప్పులు విడిచి, ధనుంజయరావు జేబుకేసి దణ్ణం పెట్టి, "అయ్యా, ఎల్లమ్మ పాళీతోనే రాయించు, నేల నిలబడుద్ది" అన్నాడు. ఆ ఏడు అతని మిరప బాగా కాసింది. ఇంకేం కావాలి? మాచర్ల వాళ్లూ, పిడుగురాళ్ల వాళ్లూ తమ ఊళ్లలో లేఖరులను వదిలి ఇక్కడికి వచ్చి అడగడం మొదలుపెట్టారు. ధనుంజయరావు మామూలు రాతకు ఒక రేటు, ఎల్లమ్మ రాతకు ఒక రేటు పెట్టాడు.

కుసుమకు ఆ పెన్ను దక్కేది పొద్దున అయిదు నుంచి తొమ్మిది దాకా. తొమ్మిదిన్నరకు అతని జేబులోకి వెళ్లాలి. ఆ నాలుగు గంటల కోసం ఆమె ముందే లేచి రుబ్బేది, తోడేది, ఊడ్చేది. దస్తావేజుల్లోని మాటలు ఎప్పుడూ ఉన్నవే. "నా ఇష్టపూర్వకముగా, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా" అని రోజుకు మూడుసార్లు రాయాలి. ఆ అబద్ధం కూడా ఆ పాళీతో రాస్తే ముత్యాల్లా ఉండేది. కొన్ని నెలలకు పాళీ అంచు ఆమె చేతివాటానికి అరిగింది. ఆమె పెన్నును కుడికి వాల్చి పట్టుకుంటుంది. పాళీ ఆ వాలుకు ఒదిగిపోయింది. ఇంకొకరి చేతికి వెళ్తే గీరుకుపోయేది.

అది ధనుంజయరావుకు ఒకరోజు చావిట్లోనే తెలిసింది. మర్చిపోయిన హద్దు ఒకటి అప్పటికప్పుడు చేర్చమన్నారు పార్టీలు. నలుగురూ చూస్తుండగా పెన్ను తీశాడు. కర్రుమని గీరి, అణాబిళ్లంత మచ్చ వేసింది. "పాళీకి దిష్టి తగిలిందయ్యా" అని నవ్వి తప్పించుకున్నాడట. ఇంటికొచ్చి మాత్రం నవ్వలేదు.

"ఏం జేశావే దీన్ని? మంచి పెన్ను చెడగొట్టావు గదే!"

"చెడలేదండీ. నా చేతికి అలవాటు పడింది."

"నీ చేతికా? ఎవురిచ్చారు నీకు? నాకిచ్చారు."

"రాతకిచ్చారు" అంది కుసుమ. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. అతను "ఎక్కువ మాట్లాడబాక, కూరలో ఉప్పెయ్యి" అన్నాడు.

ఆ కోపంలో పెన్ను పెట్టె కూడా ఆమె ముందు పడేశాడు, "తుడిచి పెట్టు" అని. లోపల నీలం మఖ్మలు గుడ్డ, దాని కింద మడత కాగితం ఒకటి, బొమ్మలతో. మొదటి బొమ్మలో కోర మీసాల దొర ఒకాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కింద పూర్తి పేరు. ఈ, ఎల్లు, ఎల్లు, ఎమ్ము, ఏ, తర్వాత రెండు ఎన్నులు. ఎల్‌మన్. గొట్టంలో దాక్కున్నది ఆ రెండు అక్షరాలన్నమాట. ఎల్లమ్మ కాదు, మీసాలాయన. కుసుమ ఒక్కతే పడీపడీ నవ్వింది. మడత విప్పింది. లోపలి బొమ్మలో ఒక పొడుగాటి బల్ల, బల్ల వెంట వరసగా ఆడవాళ్లు, తలకు గుడ్డలు కట్టుకుని, కంటికి భూతద్దాలు పెట్టుకుని. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో పాళీ. ఎదురుగా కాగితాల మీద సున్నాలు చుడుతున్నారు, గీతలు గీస్తున్నారు. రాస్తుందో లేదో చూసి, అరగదీసి, మళ్లీ రాసి చూస్తున్నారు. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. వెతికింది. వెనకవైపు కూడా చూసింది.

నవ్వు ఆగిపోయింది. అక్కడా ఇంతేనా అనుకుంది. తన చేతికి అందిన పాళీని ముందుగా ఏ తల్లి చెయ్యి రాసి చూసిందో! మూడో మనిషి, పక్కకు వాలి కూర్చుందే, ఆమే అయి ఉంటుందనిపించింది. ఆ రోజు నుంచి కుసుమకు ఆ పెన్ను మీద మోజు పోయి ఇంకేదో పుట్టింది. ఇంత పెద్ద మనిషి తన పేరు తీసుకొచ్చి గింజంత బంగారం మీద చెక్కుకున్నాడంటే, పేరుకు ఎంత విలువుండాలి? తనేమో తన చేత్తో రాసిన వాటికి ఇంకొకరి పేరును ముత్యాల్లాగా రాసి ఇస్తోంది. అందులో ఒకటి తన సొంత నేలదే.

మూడేళ్ల కిందట రాసింది అది. తండ్రి పసుపు కుంకుమ కింద ఆమె పేరన పెట్టిన కారంపూడి మాగాణి, సాగర్ నీళ్లు పారే నేల. "బ్యాంకులో లోను కావాలంటే నా పేరన ఉండాలే, రెండు నెలల్లో తిరిగి నీ పేరన పెడతా" అన్నాడు. ఆమె నేలను అతనికి దానమిస్తున్నట్టు ఆమే రాసింది, బాల్‌పెన్నుతో, ఇష్టపూర్వకముగా, ఎవరి బలవంతమూ లేకుండా. పన్నెండేళ్లలో తన పేరు రాసుకున్న ఆ ఒక్కసారి అదే. లోనూ లేదు, ఆ రెండు నెలలూ ఇంకా తీరలేదు.

ఉగాది వెళ్లిన వారానికి ధనుంజయరావు స్టాంపు కాగితాలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"బ్రహ్మానందంతో కలిసి రాతి పాలిషు ఫ్యాక్టరీలో వాటా తీసుకుంటున్నా. రేపు ఏదన్నా తేడా వస్తే అప్పులోళ్లు కారంపూడి చేను మీద పడకూడదంట. ఆయనే జెప్పాడు. అమ్మ పేరన దాన సెటిల్‌మెంటు రాసెయ్యి."

కుసుమ చేతిలో పిండి ఉంది. "అది మా నాన్న ఇచ్చింది గదండీ. నా పేరన పెట్టొచ్చుగా?"

"ఆడోళ్ల పేరన భూములేందే!"

"అత్తయ్య ఆడమనిషి కాదా?"

"అమ్మ వేరు. ఆమెకు వేలిముద్ర తప్ప ఏం దెలుసు? నీకు నాలుగు అక్షరాలొచ్చు. రేపు మీ తమ్ముడికి రాసిచ్చినా ఇస్తావు." అని తనే నవ్వాడు, పెద్ద హాస్యమాడినట్టు. "సుక్కురారం రిజిస్ట్రేషను. ఎల్లమ్మ పాళీతో రాయి, కలిసొస్తది."

నాలుగు అక్షరాలు వచ్చు కాబట్టి నమ్మడానికి లేదు. ఆ నాలుగు అక్షరాల మీద పన్నెండేళ్లు కూర్చుని తిన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు కుసుమ ఏ పనిలో ఉన్నా ఆ మాటే చెవిలో తిరిగింది. నేల వదులుకోవడం ఒకెత్తు, వదులుకుంటున్నట్టు మళ్లీ తన చేత్తోనే రాయడం ఇంకో ఎత్తు. రాయనంటే? రేకుల కింద ఇంకో లేఖరి రాస్తాడు. ఏడిస్తే? అతను పొద్దున్నే జేబులో పెన్ను పెట్టుకుని వెళ్లిపోతాడు.

గురువారం పొద్దున రాయడానికి కూర్చుంది. మొదటి పేరా అలవాటుగా సాగింది. "నా తల్లి" అని రాయాల్సిన చోట పాళీ ఆగింది. కుడికి వాల్చి, తీరిగ్గా, "నా భార్య కుసుమకు" అని రాసింది. ఆ మాటలు ఎంత అందంగా వచ్చాయంటే, సిరా ఆరేదాకా చూస్తూ కూర్చుంది. పొయ్యి మీద పాలు పొంగి పోయాయి.

దస్తావేజుకు ఒక ధర్మముంది. రాశాక చదివి వినిపించాలి. "చదివి వినిపించగా విని, సరియని సమ్మతించి" అని చివర రాయాలి కూడా. కుసుమ ఆ ధర్మం తప్పలేదు. ధనుంజయరావు వసారాలో గడ్డం గీసుకుంటూ రేడియోలో ధరవరలు వింటున్నాడు. ఎదురుగా నిలబడి మొదటి అక్షరం నుంచీ గట్టిగా చదివింది. "నా భార్య కుసుమకు" అన్నచోట కాస్త ఆగి మరీ చదివింది.

"ఊఁ" అన్నాడు అతను, బుగ్గ మీద కత్తి ఆడిస్తూ.

"విన్నారా?"

"ఊఁ ఊఁ."

"ఒకసారి మీరు కూడా చదువుకోండి."

"నీ రాతలో తప్పుంటదంటే! ఇటియ్యి." సబ్బు నురగ అంటకుండా మూలలు పట్టుకుని ప్రతి పేజీ కిందా సంతకం గిలికాడు. పెన్ను రెండుచోట్ల గీరింది. తిట్టుకుని జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం ఒంటిగంటకు కుసుమ రోజూలాగే అన్నం క్యారియరు తీసుకుని ఆఫీసుకు వెళ్లింది. కొత్తగా వచ్చిన సబ్‌రిజిస్ట్రారు ఆడమనిషి, కరుణమ్మ గారు. గదిలో బల్ల ముందు ధనుంజయరావు, పక్కన సాక్షిగా బ్రహ్మానందం, కిటికీల దగ్గర తోటి లేఖరులు, పార్టీలు. కుసుమ గుమ్మం దగ్గర ఆగిపోయింది.

కరుణమ్మ గారు కళ్లజోడు సర్దుకుని పేజీ తిప్పారు. "ఎంత మంచి దస్తూరి! ఎవరిదండీ?"

"నాదే మేడం" అన్నాడు ధనుంజయరావు. "ఎల్లమ్మ పాళీ అంటారు. ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు."

"సంతకం చూస్తే అట్టా లేదే?"

"సంతకం తొందరగా పెడతానండీ."

"లోపల రాసిందంతా చదువుకున్నారా?"

కిటికీల దగ్గర నవ్వారు. ధనుంజయరావు కూడా నవ్వాడు. "రాసినోణ్ణే చదువుకున్నావా అంటే ఎట్టా మేడం? అక్షరం అక్షరం నాదే."

"మంచిది. కారంపూడి మాగాణి మీ భార్య కుసుమ గారి పేరన ఇష్టపూర్వకంగా దానం చేస్తున్నారు. ఎవరి బలవంతమూ లేదు గదా?"

గది అలాగే ఉంది, ఫ్యాను అలాగే తిరుగుతోంది. అతని మొహం ఒక్కటే మారింది. కాగితం వైపు చూశాడు, బ్రహ్మానందం వైపు చూశాడు, చివరకు గుమ్మం వైపు చూశాడు. కుసుమ తల దించుకోలేదు. ఇప్పుడు అతను ఒక్క మాట అంటే చాలు, "ఇది నేను రాయలేదు" అని. నేల అతనికే ఉంటుంది. కానీ పన్నెండేళ్ల దస్తూరి పోతుంది. ఎల్లమ్మ రేటు పోతుంది. ఈ కిటికీల దగ్గర నవ్వేవాళ్లు రేపటి నుంచి ఇంకో రకంగా నవ్వుతారు. ఏది వదులుకుంటాడో తెలియక క్యారియరు పిడిని గట్టిగా పట్టుకుంది.

బ్రహ్మానందం అతని భుజం చరిచాడు. "పెళ్లాం పేరన పెట్టావా! అమ్మ పేరనన్నావు గదయ్యా, మనసు మారిందా? భలేవోడివే!"

"చెప్పండి, బలవంతమేమన్నా ఉందా?" అన్నారు కరుణమ్మ గారు.

"లేదండీ" అన్నాడు ధనుంజయరావు. అతని గొంతు కూడా పాళీలాగే గీరింది. సంతకం గిలికి, పెన్ను జేబులో పెట్టుకుని, బొటనవేలు సిరాలో ముంచాడు.

"కుసుమ గారు మీరేనా అమ్మా? మీరూ వచ్చారు గనక, తీసుకుంటున్నట్టు ఇక్కడ సంతకం పెట్టండి."

గుమాస్తా బాల్‌పెన్ను చాచాడు. కుసుమ క్యారియరు బల్ల మీద పెట్టి, దాన్ని దాటి చెయ్యి చాపి, మొగుడి జేబులోంచి పెన్ను తీసుకుంది. మూడు చుట్లు తిప్పింది. కుడికి వాల్చి సంతకం పెట్టింది. అంతా నిశ్శబ్దంగా ఉంది కాబట్టి పాళీ చప్పుడు చెయ్యలేదని అందరికీ వినిపించింది.

కరుణమ్మ గారు ఆ సంతకాన్ని చూశారు, పైనున్న రాతను చూశారు, మళ్లీ సంతకాన్ని చూశారు. "లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోమ్మా" అన్నారు. "ఫారం మా గుమాస్తా ఇస్తాడు."

ఇంటికొచ్చాక అతను చెప్పు విసిరికొట్టాడు. "మోసం జేశావు గదే!"

"చదివి వినిపించాను. ఊఁ అన్నారు."

"నేను ఇన్లా!"

"ఎప్పుడు విన్నారు గనక?" అంది కుసుమ, పెన్ను తన చీర కొంగుతో తుడుచుకుంటూ. అంతటితో ఆ మాట అయిపోయింది. తర్వాత మళ్లీ ఎత్తలేదతను. ఎత్తితే ఎవరికి చెప్పుకోవాలి?

వారం తర్వాత నాంచారమ్మ చాటలో బియ్యం చెరుగుతూ, కోడలి వైపు చూడకుండా అంది. "నా పేరన బెడతానన్నాడంట గదా ఆడు. నాకు చెప్పనన్నా చెప్పలా. నేనేమన్నా సంచినా, దాసిపెట్టుకోడానికి?" కాసేపు చెరిగి, "ఏమే, నా పేరు ఆ ఎల్లమ్మతో ఒక్కసారి రాసి చూపిచ్చవే. ఎట్టుంటదో ఎన్నడూ చూళ్లా" అంది. కుసుమ ఆమెకు ఎల్‌మన్ సంగతి చెప్పలేదు. క్యాలెండర్ కాగితం మీద పెద్దక్షరాలతో రాసిచ్చింది. ముసలామె దాన్ని మడిచి వక్కపొడి సంచిలో పెట్టుకుంది.

మిరప కోతలు మొదలయ్యే వేళకు లైసెన్సు వచ్చింది. రేకుల చావిడి చివర కుసుమ బల్ల వేసుకుంది. పార్టీలు ముందు నిలబడి చూశారు, తర్వాత కూర్చున్నారు. మొదట కూర్చున్నది దాచేపల్లి లింగయ్య. చివరి పేజీలో "దస్తూరి: కుసుమ" అని రాసేటప్పుడు ఆమెకు ఎందుకో ఆ పొడుగాటి బల్ల గుర్తొచ్చింది, మూడో మనిషి గుర్తొచ్చింది. చివరి "మ"లో సున్నాను కాస్త నిండుగా చుట్టింది.

చావిడి రెండో చివర ధనుంజయరావు జేబులో ఇప్పుడు బాల్‌పెన్ను ఉంటోంది. "ఏంది ధనుంజయా, ఎప్పుడు జూసినా అట్టా కూసుంటావు, ఏమన్నా పోయిందా?" అని అడుగుతారు తోటివాళ్లు. ఏం పోతుందయ్యా అంటాడు. ఏం పోయిందో ఆమెకు తెలుసు, రాసింది ఆమే కాబట్టి. తూర్పు పిల్లకాలువ, దక్షిణం బండ్ల బాట, పడమర గోపాలకృష్ణయ్య వేయించిన గట్టు, ఉత్తరం వాగు. ఈ నాలుగు హద్దుల నడుమ రెండెకరాల పదిహేడు సెంట్లు.